సభంతా నవ్విన రోజు

గొంతు ఎలా వాడాలో నేర్పడం నా ఉద్యోగం. ఇలా చెప్తే జనం నన్ను సంగీతం టీచరనుకుంటారు. కాదు. సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్‌లో ఒక కంపెనీలో కొత్తగా చేరిన పిల్లలకి, నలుగురి ముందు నిలబడి తమ పని గురించి చెప్పుకోవడం నేర్పిస్తాను. తెర మీద చూపించే స్లైడ్లు బ్రహ్మాండంగా చేస్తారు, నోరు తెరిస్తే మొదటి వరసకి కూడా వినపడదు. కొందరు వాక్యం మొదలుపెట్టి చివరికొచ్చేసరికి మాట మింగేస్తారు. కొందరు మధ్యలో ఊపిరి తీసుకుంటే జీతం కోస్తారన్నట్టు పరిగెడతారు. ఊపిరి పొట్టలోంచి తీయమంటాను, గొంతు పెంచకుండా చివరి వరసలో కూర్చున్నవాడి దాకా పంపమంటాను. అరవడం వేరు, వినిపించడం వేరు అని ప్రతి బ్యాచికీ మొదటి రోజే చెప్తాను. ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతు చాలా బాగుంటుంది. అది నాకెక్కడ దొరికిందని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

పోయిన నెల భవానీపూర్‌లోని తెలుగు సంఘంవాళ్ళు ఫోన్ చేసి, ఉద్యోగాల ఇంటర్వ్యూలకి వెళ్ళబోతున్న మన పిల్లలకి ఒక పూట ఇదే పాఠం చెప్పమన్నారు. తెలుగులోనే చెప్పాలా అని అడిగితే, "తెలుగులో మొదలుపెట్టండి మేడమ్, అర్థం కాకపోతే వాళ్ళే చెప్తారు" అన్నాడు కార్యదర్శి. ఏ హాల్లో అని అడగలేదు. వాళ్ళకున్నది ఒకటే హాలు. ఒప్పుకోకుండా ఉండాల్సింది. కానీ ఎవరైనా మర్యాదగా పిలిస్తే కాదనే గుణం నాకు లేదు, అమర్యాదగా పిలిస్తే పోట్లాడే గుణం ఉంది, ఈ రెంటికీ మధ్య ఇంకో గుణం దేవుడు పెట్టలేదు. ఆ సాయంత్రమే అమ్మకి ఫోన్లో చెప్పడం రెండో తెలివితక్కువ పని. అమ్మ ఇప్పటికీ ఏక్‌బాల్‌పూర్‌లోనే, మేం పుట్టి పెరిగిన సందులోనే, తమ్ముడి కుటుంబంతో ఉంటుంది.

"ఆ హాల్లోనేటి? సిన్నప్పుడు నువ్వు సభనంతా నవ్వించీసిన హాల్లోనేనేటే?" అంది.

"ఆ హాలేనమ్మా."

"ఓలమ్మ ఓలమ్మ! ఐతే నానొస్తాను."

"నువ్వెందుకమ్మా? మెట్లున్నాయి. నీ మోకాళ్ళు..."

"మోకాళ్ళతో ఇంటానేటే? సెవుల్తో ఇంటాను. బేగొచ్చి తీస్కెల్లు, ముందు వరస్లో కూకోబెట్టు."

ఫోన్ పెట్టేశాను. సభంతా నవ్విన మాట నిజం. ఎందుకు నవ్విందో అమ్మకి తెలియదు. నా నోటికి అదుపు లేదని ఇంటా బయటా పేరు. ఈ ఒక్క విషయంలో మాత్రం, అమ్మకి తెలియకూడదని, ఇన్నేళ్ళూ నోరు కుట్టేసుకుని బతికాను.

మా ఇల్లు అరుపుల ఇల్లు. పోట్లాటల ఇల్లు అనుకునేరు. అవీ ఉండేవిగానీ నేను చెప్తున్నది వేరు. మా నాన్న రేవులో, ఓడలు మరమ్మతుకొచ్చే చోట పనిచేసేవాడు. నీళ్ళు తోడేసిన పెద్ద గుంటలో ఓడ నిలబడితే, దాని పొట్టకి పట్టిన తుప్పుని సుత్తితో కొట్టి రాల్చడం ఆయన పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇనుము మీద ఇనుము. ఓడ లోపలి తొట్లలో దిగి కొట్టిన రోజున ఆ మోత తలలోనే ఉండిపోయేదని చెప్పేవాడు. నాకు ఊహ తెలిసేసరికే ఆయన చెవులు సగం పోయాయి. ఇంటికొచ్చేసరికి ఒంటి మీద తుప్పు వాసన, ఎర్రరంగు వాసన, బీడీ వాసన కలిసి ఉండేవి. వాకిట్లో బకెట్టు పెట్టుకుని రుద్దుకుంటుంటే సబ్బు నురగ ఇటిక రంగులో కాలవలోకి పారేది. అమ్మ లోపల ఎండు నెత్తళ్ళ చేపలు వేయిస్తూ, ఆ ఘాటుకి దగ్గుతూ, ఆ రోజు వార్తలన్నీ పొయ్యి దగ్గర్నుంచే అరిచి చెప్పేది. తమ్ముడికి జ్వరం దిగిందని, పక్కింటి రుక్సానా చాచీ మేక ఈనిందని, సోంపేట నుంచి ఎవరో కొత్తగా పనిలోకి వచ్చారని. సందు చివర బీడీల కొట్టువాడికి మా ఇంటి సంగతులు నాన్నతో పాటే తెలిసేవి. నేను పెద్దమనిషినయ్యానన్న కబురు కూడా అలాగే తెలిసింది. నాన్నకి మొదటిసారి వినపడలేదు. అమ్మ రెండోసారి చెప్పింది. వారం రోజులు నేను ఆ కొట్టు ముందు నుంచి నడవలేదు.

మా ఇంట్లో గుసగుసలు ఉండేవి కావు. ఎవరో పెట్టిన నియమం కాదది. నాన్న ముందు ఎవరైనా గొంతు తగ్గించి మాట్లాడితే ఆయన కంచంలో చెయ్యి ఆపేసి మా మొహాలు ఒక్కొక్కటీ చూసేవాడు. "నా గురించేనేటి?" అని అడిగేవాడు. కోపంగా కాదు, తప్పు చేసిన పిల్లవాడిలా అడిగేవాడు. ఆ చూపు భరించలేక అందరం అరవడం నేర్చుకున్నాం. ఉప్పు ఇటివ్వమన్నా, పరీక్ష తప్పామన్నా అదే గొంతు. పెద్దవాళ్ళ ముందు నెమ్మదిగా మాట్లాడటం మర్యాద అని తర్వాతెప్పుడో పుస్తకంలో చదివి నవ్వుకున్నాను. మా నాన్న ముందు నెమ్మదిగా మాట్లాడటాన్ని మించిన అవమానం ఆయనకి లేదు.

ఆ గొంతు విని మా బడి మేష్టారు ముచ్చటపడ్డారు. బెంగాలీల ఊళ్ళో రేవు పనికొచ్చిన తెలుగువాళ్ళ పిల్లల బడి మాది. నేను పద్యం చెప్తుంటే రోడ్డు మీద ట్రాములో వెళ్ళేవాళ్ళు తల తిప్పి చూసేవారు. "నీ గొంతుకి మైకెందుకే నూకరత్నం!" అని మురిసిపోయి, సంఘంవాళ్ళ ఉపన్యాసాల పోటీకి నా పేరిచ్చారు. అవును, నా పూర్తి పేరు నూకరత్నం. సెక్టార్ ఫైవ్‌లో ముందు సగం తీసేసి రత్ననయ్యాను. ఉపన్యాసానికి విషయం నీటి పొదుపు. నీళ్ళ గురించి నాకు తెలిసిందల్లా మా సందు కుళాయి, కుళాయి దగ్గర మా అమ్మ. తెలుగు, హిందీ, బెంగాలీ కలిపి ఒకే వాక్యంలో ముగ్గుర్ని తిట్టి, నాలుగోవాళ్ళ బిందె పక్కకి జరిపి, తన బిందె పెట్టుకునేది. ఆ గొడవని ఉపన్యాసం మధ్యలో పెట్టాను. ఇప్పుడు తల్చుకున్నా అది మంచి ముక్కే. నా దగ్గర నేర్చుకునే పిల్లలెవరైనా అలాంటిది రాసుకొస్తే నెత్తిన పెట్టుకుంటాను.

ఇంట్లో సాధన నాన్న ముందు. ఆయన మంచం మీద మఠం వేసుకుని, నా పెదాలకేసి చూస్తూ వినేవాడు. అయ్యాక "అంతా ఇనపడింది" అనేవాడు. అంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఉంటుందని మాకు తెలియదు. అమ్మేమో "నన్ను బజార్నెట్టీసినావేటే!" అని కొంగు నోట్లో పెట్టుకుని సంబరపడేది. కుళాయి దగ్గర అందరికీ ముందే చెప్పేసింది, ఆఫీసర్ల ముందు తన గొడవ చదువుతారని.

పోటీ రోజు నాన్నకి సెలవు దొరకలేదు. అమ్మా నేనూ బస్సులో వెళ్ళాం. హాలు గుమ్మంలోనే కాఫీ వాసన, సెంటు వాసన, మల్లెపూల వాసన. బ్యాంకు ఆఫీసర్లు, కాలేజీ లెక్చరర్లు, వాళ్ళ భార్యలు ముందు వరసల్లో. అమ్మ తనంతట తానే వెళ్ళి ఆఖరి వరసలో కూర్చుంది. నాకన్నా ముందు మాట్లాడిన పిల్లలు మైకుకి పెదాలు ఆనించి, రహస్యం చెప్తున్నట్టు మాట్లాడారు. నాకు వాళ్ళ మీద నిజంగా జాలేసింది. చూపు ఆననివాళ్ళకి కళ్ళజోడులాగా, గొంతు లేనివాళ్ళకి ఆ మైకు పెట్టారనుకున్నాను. పాపం, వీళ్ళకి వినపడే గొంతు లేదు, అందుకే దాని దగ్గరకి వెళ్తున్నారు. నాకు అక్కర్లేదు కాబట్టి దాన్ని అసలు పట్టించుకోలేదు. అది నా ముందే ఉంటే ఏం జరుగుతుందో నాకెవరూ చెప్పలేదు.

వెళ్ళి నిలబడ్డాను. గుండె నిండా ఊపిరి తీసుకుని, నాన్నకి చెప్పినట్టు, "సభకు నమస్కారం!" అన్నాను. మైకు కీచుమంది. ముందు వరసలో ఒక పసిబిడ్డ ఉలిక్కిపడి ఏడుపందుకుంది. ఒకాయన రెండు చెవులూ మూసుకున్నాడు. "రేవంతా ఇక్కడే దిగిందర్రా" అన్నారెవరో. నాకు ఆ మాట స్పష్టంగా వినపడింది. అక్కణ్ణుంచి మొదలైంది నవ్వు. నేను ఆపలేదు. గొంతు ఇంకా పెంచాను. ఎదుటివాళ్ళకి అందలేదనిపిస్తే మా ఇంట్లో చేసే పని అదొక్కటే. పెంచేకొద్దీ నవ్వు పెరిగింది. అప్పుడు శారదగారని ఒకావిడ వేదిక ఎక్కింది. సంఘానికి అన్నీ ఆవిడే, మంచి చీర, సన్నటి మనిషి. మైకు పక్కకి తిప్పి నా చెవి దగ్గర వంగి, "మెల్లగా అమ్మా, మెల్లగా. ఇది చేపల బజారు కాదుగా" అంది. అంత చక్కటి గొంతు నేనప్పటిదాకా వినలేదు.

అప్పటికి నేను కుళాయి దగ్గరికొచ్చాను. నేనేం చెప్తున్నానో ఎవరూ వినడం లేదు, అందరూ నవ్వుతూనే ఉన్నారు. ఆఖరి వరసకేసి చూశాను. అమ్మ కూడా నవ్వుతోంది. తొడ మీద చరుచుకుంటూ, పక్కనున్న ఎవరో ఆవిడ భుజం కుదుపుతూ, "నానే! ఆ కుళాయికాడ మనిషిని నానే!" అంటోంది. ఏ మైకూ లేకుండా ఆ మాట ఆఖరి వరస నుంచి వేదిక దాకా వచ్చింది. ముందు వరసలవాళ్ళు వెనక్కి తిరిగి అమ్మని చూసి, మళ్ళీ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు. అమ్మ వాళ్ళకి చెయ్యెత్తి దణ్ణం పెట్టింది. ఆ దణ్ణం తల్చుకుంటే నాకు ఇప్పటికీ చెవులు కాలతాయి. నన్ను చూసి నవ్వినందుకు కాదు. ఆ నిమిషంలో, ఆవిడ మా అమ్మ కాకపోతే బాగుండునని నాకనిపించినందుకు.

అందరికీ ఇచ్చినట్టే నాకూ ఒక స్టీలు గిన్నె ఇచ్చారు. బస్సు దిగేటప్పుడు "ఆస్తే లేడీస్", ఆడవాళ్ళు దిగుతున్నారు మెల్లగా అని, డ్రైవరుకి అరిచిన కండక్టరుకి కూడా అమ్మ ఆ గిన్నె చూపించింది. నాన్న ఒక్కటే అడిగాడు, అందరికీ వినపడిందా అని. వినపడిందని అరిచి చెప్పాను. ఇక అమ్మ. కుళాయి దగ్గర, రేషన్ కొట్లో, పెళ్ళిళ్ళలో, పురుళ్ళలో ఎక్కడ నలుగురు కూర్చున్నా ఆ కథే. "మా ఆడగుంట నా గొడవ సెప్తంటే ఆపీసర్ల ఆడోళ్ళు పొట్టలు పట్టీసుకున్నారు. ఒకలైతే ఎనక్కి తిరిగి నన్నే సూసినారు!" ఉపన్యాసంలో కుళాయి ముక్క అమ్మకి కంఠతా వచ్చు. తన పాత్ర తనే వేసి చూపించేది. సందంతా నవ్వేది. నాన్న పోయాక అమ్మ మాట్లాడటమే మానేసిన రోజుల్లో కూడా, రుక్సానా చాచీ వచ్చి బలవంతాన ఆ కథే చెప్పించింది. అమ్మ చెప్పింది. చెప్తూ చెప్తూ నవ్వింది. అలాంటి కథని ఎవరు పాడుచేస్తారు?

నేను మాత్రం ఆ పోటీ నుంచి నేరుగా శారదగారి గొంతు వెంట పడ్డాను. కాలేజీకి వెళ్ళేసరికి ఆవిడలా వాక్యం చివర కాస్త కిందకి దించడం, ముఖ్యమైన మాటని నొక్కకుండా వదలడం, పెదవులు తక్కువ కదపడం అన్నీ వచ్చేశాయి. ఇంట్లో ఒక గొంతు, బయట ఒక గొంతు. ఇంటి గొంతుతో నాన్నకి అన్నం తిన్నావా అని అరిచి, బయటికొచ్చి బస్సెక్కేలోపల రెండో గొంతు తొడుక్కునేదాన్ని. నాన్న పోయాక మొదటిదాంతో పనిలేకపోయింది. ఇప్పుడు మా ఫ్లాటులో ఫ్రిజ్ చప్పుడు కూడా వినపడుతుంది. మా ఆయన పక్క గదిలో ఉన్నా నాకు ఫోన్లో రాసి పంపుతాడు. ఆ రోజుల్లో అమ్మ ఒక్క కేక వేస్తే ఇంట్లో ఎవరు ఎక్కడున్నారో, ఎవరికి ఏం కావాలో తేలిపోయేది. నాకూ మా ఆయనకీ పాపం మర్యాద ఎక్కువైంది.

సభ రోజున అమ్మ అంచున్న తెల్ల చీర కట్టుకుని, నేను వెళ్ళేసరికే గుమ్మంలో నిలబడి ఉంది. హాలుకి ఇప్పుడు ఏసీ పెట్టించారు, కుర్చీలకి మెత్తలొచ్చాయి. అమ్మని ముందు వరసలోనే కూర్చోబెట్టాను. నన్ను పరిచయం చెయ్యడానికి శారదగారు కర్రతో నెమ్మదిగా వచ్చారు. ఒళ్ళు వంగింది, గొంతు మాత్రం అలాగే ఉంది.

"రత్నని నేను చిన్నప్పుడు ఈ వేదిక మీదే చూశాను" అన్నారు. "అబ్బ, ఏం గొంతు తల్లీ అది! మైకు పేలిపోతుందనుకున్నాం. చెవులు మూసుకుని ఒకటే నవ్వు. పాపం ఏం చెప్పిందో ఒక్క ముక్క ఎవరం వినలేదు. ఇది చేపల బజారు కాదమ్మా అని నేనే వెళ్ళి చెప్పాల్సొచ్చింది. ఆ అమ్మాయే ఇవాళ గొంతు ఎలా వాడాలో మీకు నేర్పడానికొచ్చింది. పట్టుదలంటే అదీ, పిల్లలూ!"

చప్పట్లు కొట్టారు. కొందరు నవ్వారు. ఆవిడ మాటలో విషం లేదు, నన్ను పొగిడానని ఆవిడ అనుకుంది. నేను అమ్మని చూశాను. "ఈ వేదిక మీదే" అన్నప్పుడు మొదలైన నవ్వు ఆమె మొహం మీద ఇంకా ఉంది. తీసేయడం మర్చిపోయినట్టుంది. నవ్విన పిల్లలకేసి ఒకసారి పక్కకి చూసింది. తర్వాత తన చేతులకేసి చూసుకుంది.

మైకు నా చేతికిచ్చారు. లిఫ్టులో ముందు దూరినవాడితో, చిల్లర సరిగ్గా ఇవ్వని ఆటోవాడితో, జీతాలు పెంచని మా మేనేజరుతో, ఎవరితో పడితే వాళ్ళతో పోట్లాడే దాన్ని. శారదగారినీ ఒక్క మాట అనొచ్చు. అక్కడ మా అమ్మ కూర్చుందనైనా చెప్పొచ్చు. "థాంక్యూ శారదగారూ" అని నవ్వి, "అరవడం వేరు, వినిపించడం వేరు" అని పాఠం మొదలుపెట్టాను. చాలా బాగా చెప్పానట. చివరి వరసలోని పిల్లవాడు కూడా ప్రతి మాటా అందిందని వచ్చి మరీ చెప్పాడు.

టాక్సీలో ఆలీపూర్ దాటాం.

"ఎవులూ ఇన్నేదేటి?" అంది అమ్మ, కిటికీలోంచి చూస్తూనే.

"ఏంటమ్మా?"

"కుళాయి సంగతి. ఒక్క ముక్క ఎవులూ ఇన్నేదన్నాదావిడ."

"ఆవిడ ముసలైపోయిందమ్మా. ఆవిడకేం గుర్తుంటుంది."

"నీకు గుర్తున్నాదేటి?"

నేను టాక్సీ మీటరుకేసి చూశాను.

"నీకు తెలుసు" అంది. "నానొక్కదాన్నే అందరికీ సెప్పుకొచ్చినాను. పెళ్ళిళ్ళలో కూడా సెప్పినాను." కొంగు సవరించుకుంది. "ఆ రోజు నన్ను సూసి నీకు సిగ్గేసిందేటే?"

"అదేం లేదమ్మా" అన్నాను. తడబడలేదు. గొంతు నెమ్మదిగా, నిండుగా, నమ్మకంగా వచ్చింది.

అమ్మ నావైపు తిరిగింది. "ఆ గొంతు మీ ఆపీసులో ఎట్టుకో. నా కాడ మామూలుగా సెప్పు."

ఇంటి గొంతు వెతుక్కోవాల్సొచ్చింది. అరిచి చెప్పేసరికి డ్రైవరు అద్దంలోంచి నన్ను చూశాడు. "ఏసిందమ్మా" అన్నాను. "సిగ్గేసింది."

అమ్మ తలాడించింది. "నాకు ఇప్పుడేస్తంది" అంది.

ఖిదిర్‌పూర్ వంతెన దిగాం. సందు మొదట్లో టాక్సీ దిగి ఇంటి ముందుకి నడిచేసరికి సందులోవాళ్ళందరూ కుర్చీలు బయట వేసుకుని ఎదురుచూస్తున్నారు. రుక్సానా చాచీకి ఇప్పుడు కళ్ళు సరిగ్గా ఆనవు. అయినా అడుగుల చప్పుడుకే గుర్తుపట్టి, ఈవేళ కూడా అందరూ నవ్వారా అని తన హిందీలో గట్టిగా అడిగింది. నేను అమ్మ చెయ్యి పట్టుకోబోయాను. అమ్మ విడిపించుకుంది.

"బాగా మాటాడింది" అని చెప్పి, రైలింగు పట్టుకుని ఇంటి మెట్లెక్కిపోయింది.

మిగతాది కూడా చెప్తుందని వాళ్ళందరూ నవ్వడానికి సిద్ధంగా మొహాలు పెట్టుకుని, ఆ మెట్లకేసి చూస్తూ కూర్చున్నారు. తర్వాత నా వైపు తిరిగారు.